సైట్ మనదే, తాళాలు ఎవరి దగ్గర?

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే షావుకారును అడగండి. హనుమకొండలో ప్రైవేటు జూనియర్ కాలేజీ కరస్పాండెంటును అడగండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘానికి కొత్తగా ఎన్నికైన కార్యదర్శిని అడగండి. మీ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది అంటే వచ్చే జవాబు దాదాపు ఒకటే: “ఆ అబ్బాయి చూసుకుంటాడండీ.”

ఆ అబ్బాయి అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సు చేసినవాడు. బావమరిది స్నేహితుడో, మేనల్లుడి రూమ్మేటో అయి ఉంటాడు. తక్కువలో చేసిపెడతానన్నాడు, చేసిపెట్టాడు కూడా. డొమైన్ తన పేరు మీదే కొన్నాడు, ఆ రోజు కార్డు ఉన్నది అతని దగ్గరే కాబట్టి. మెయిల్ ఐడీ అడిగినచోట తన జీమెయిల్ ఇచ్చాడు, షావుకారుగారికి మెయిల్ చూసే అలవాటు లేదు కాబట్టి. ఇందులో మోసమేమీ లేదు. కొన్నేళ్లు గడిచేసరికి అతను బెంగళూరులో మంచి ఉద్యోగంలో ఉంటాడు, ఫోన్ నంబరు మారి ఉంటుంది. గడువు దగ్గరపడిందని హోస్టింగ్ కంపెనీ పంపే మెయిళ్లు అతను తెరవడం మానేసిన ఇన్‌బాక్సులో పడుతుంటాయి. ఒక సోమవారం పొద్దున చూస్తే సైట్ ఉండదు.

పాస్‌వర్డ్ భద్రత అనగానే చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్ బొమ్మ వేయడం మన పత్రికలకు అలవాటు. హ్యాకర్లు ఉన్నారు, వాళ్ల సంగతీ వస్తుంది. కానీ చిన్న సైట్లను దొంగ కంటే ముందు ముంచేది ఎవరి దగ్గర ఏముందో ఎవరికీ తెలియని తాళాల గుత్తి. అందుకే పాస్‌వర్డ్ ఎంత గట్టిది అన్న ప్రశ్నను కాస్త వెనక్కి నెడదాం. ముందు తేలాల్సింది, అసలు ఎన్ని ఉన్నాయన్నది.

ఒకటనుకుంటే ఏడు

‘సైట్ పాస్‌వర్డ్’ అని ఒకటి లేదు. సైట్ పేరు కొన్న కంపెనీ దగ్గర ఒక ఖాతా ఉంటుంది. ఆ కంపెనీని రిజిస్ట్రార్ అంటారు. సైట్ ఫైళ్లు పెట్టడానికి సర్వర్‌లో జాగా అద్దెకు ఇచ్చిన కంపెనీ దగ్గర రెండోది, బిల్లులు కట్టే ఖాతా. ఈ రెండు కంపెనీలూ ఒకటే కావచ్చు, కాకపోవచ్చు. మూడోది సీప్యానెల్ లాంటి నియంత్రణ పలక. బ్రౌజర్‌లో సైట్ పేరు పక్కన 2083 అని కొడితే తెరుచుకునేది అదే. నాలుగోది ఫైళ్లు ఎక్కించే ఎఫ్‌టీపీ. అయిదోది డేటాబేస్‌ది. దీన్ని మనుషులెవరూ టైప్ చేయరు, సైట్‌ను నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను వాడుకుంటుంది. ఆరోది వర్డ్‌ప్రెస్ అడ్మిన్. ఏడోది ఆ డొమైన్ మీద ఆఫీసువాళ్లకు ఇచ్చిన మెయిల్ పెట్టెలు. పది మంది ఉంటే అవే పది.

ఇవన్నీ విడివిడి తలుపులే అయినా గోడలు కలిసే ఉంటాయి. సీప్యానెల్ పాస్‌వర్డ్ తెలిసినవాడికి సర్వర్‌లోని మిగతావి తెలియనక్కర్లేదు. లోపలికి వెళ్లి డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చగలడు, కొత్త ఎఫ్‌టీపీ ఖాతా తెరవగలడు, మీ మెయిల్ పెట్టెకు కొత్త పాస్‌వర్డ్ పెట్టి చదువుకోగలడు. ప్రధాన ఎఫ్‌టీపీ ఖాతాకు సీప్యానెల్ పాస్‌వర్డే పనిచేస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. ఫొటోలు ఎక్కించుకోమని డిజైనర్‌కు ఇచ్చింది నిజానికి మొత్తం గుత్తి.

వీటన్నిటికీ పైన ఎనిమిదోది ఒకటి ఉంది. ‘పాస్‌వర్డ్ మరచిపోయారా?’ అని నొక్కితే లింకు ఏ మెయిల్‌కు వస్తుందో, ఆ మెయిల్ ఖాతా. అది ఎవరిదైతే సైట్ వాళ్లదే. ఇక్కడ ఒక చిత్రమైన ఉచ్చు ఉంది. బుద్ధిమంతులే ఇందులో పడతారు. సొంత డొమైన్ ఉంది కదా, జీమెయిల్ ఎందుకని రిజిస్ట్రార్ ఖాతాకు కూడా ఆ డొమైన్ మీది మెయిలే ఇస్తారు. డొమైన్ గడువు తీరితే ఆ మెయిలూ ఆగిపోతుంది. డొమైన్ తిరిగి తెచ్చుకోవాలంటే లాగిన్ కావాలి. పాస్‌వర్డ్ గుర్తు లేకపోతే లింకు వచ్చేది ఆగిపోయిన పెట్టెకే. రిజిస్ట్రార్ ఖాతాకు ఎప్పుడూ బయటి మెయిలే ఇవ్వాలి, అది సంస్థ పేరున తెరిచినదై ఉండాలి.

కాగితం మీద అచ్చేసుకున్న దొంగతనం

కంప్యూటర్ పాస్‌వర్డ్ పుట్టిందే ఒక యంత్రాన్ని పలువురు పంచుకోవాల్సి రావడం వల్ల. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ తయారుచేసింది. ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎంతోమంది వేర్వేరు టెర్మినళ్ల నుంచి వాడుకునేవారు. ఎవరి ఫైళ్లు వారివి, ఎవరికి కేటాయించిన సమయం వారిది. ఒకే సర్వర్ మీద వందల సైట్లను కూర్చోబెట్టే ఈనాటి షేర్డ్ హోస్టింగ్ ఆ వంశంలోదే.

తొలి దొంగా అక్కడివాడే. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాల్లేదు. పాస్‌వర్డ్‌లన్నీ ఉన్న ఫైలును అచ్చు వేయమని పంచ్ కార్డుతో ఒక విన్నపం పెట్టాడు. యంత్రం బుద్ధిగా అచ్చేసి ఇచ్చింది. మరో నాలుగేళ్లకు ఎవరూ దొంగిలించకుండానే అవి బయటపడ్డాయి. లాగిన్ కాగానే కనిపించే రోజువారీ సందేశం ఫైలు, పాస్‌వర్డ్‌ల ఫైలు తారుమారై, ఆ పూట కూర్చున్న ప్రతివాడి ముందూ అందరి పాస్‌వర్డ్‌లూ ప్రత్యక్షమయ్యాయి. కోర్బాటో ఆ తర్వాత ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు, 2019లో చనిపోయాడు. పాస్‌వర్డ్‌లు ఒక పీడకలగా తయారయ్యాయని చివరి ఏళ్లలో ఆయనే ఒప్పుకున్నాడు.

పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టు దాచకూడదని ఆ అనుభవాలు నేర్పాయి. యూనిక్స్ రోజుల్లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ దాన్ని వెనక్కి తిప్పలేని సంకేతంగా మార్చి దాచే పద్ధతి గురించి 1979లో ఒక వ్యాసం ప్రచురించారు. సర్వర్‌లో ఉండేది ఆ సంకేతమే, అసలు మాట కాదు. దానికి ప్రతి మనిషికీ వేరువేరుగా ‘ఉప్పు’ అనే కొన్ని అక్షరాలు కలుపుతారు. దాంతో ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా సంకేతాలు వేరుగా కనిపిస్తాయి. అదే వ్యాసంలో ఒక లెక్క ఉంది. వాళ్లు సేకరించిన 3,289 పాస్‌వర్డ్‌లలో 86 శాతం తేలిగ్గా ఊహించదగ్గవే. ఒక్క అక్షరమే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నవాళ్లు పదిహేను మంది ఉన్నారు. ఇవాళ్టి జనం మీద విసుక్కునే ముందు ఆ పదిహేను మందినీ తలుచుకుంటే కాస్త కోపం తగ్గుతుంది.

కంపెనీయే జారవిడిస్తే

1979లో తెలిసిన పాఠాన్ని 2015లో కూడా అమలుచేయని హోస్టింగ్ కంపెనీ ఉంది. ట్రిపుల్ జీరో వెబ్‌హోస్ట్ అనేది అప్పట్లో ఉచితంగా జాగా ఇచ్చిన సేవ. విద్యార్థులు సరదాగా మొదటి సైట్ పెట్టుకునేది అలాంటి చోటే. ఆ ఏడాది అక్టోబరులో దాదాపు కోటీ 35 లక్షల ఖాతాల వివరాలు బయట తిరుగుతున్నాయని ఆస్ట్రేలియా భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ బయటపెట్టాడు. పేర్లు, మెయిళ్లు, వాటి పక్కనే పాస్‌వర్డ్‌లు, ఏ సంకేతమూ లేకుండా, చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి. దొంగ లోపలికి వచ్చింది సర్వర్‌లో వాడే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్ కాలం చెల్లిన వెర్షన్‌లోని లోపం గుండా. అసలు నష్టం ఆ ఉచిత సైట్లకు కాదు. అదే మెయిల్‌కు, అదే పాస్‌వర్డ్‌తో ఇంకెక్కడెక్కడ ఖాతాలున్నాయో అక్కడ.

2021లో గోడాడీ అనే హోస్టింగ్ కంపెనీ వంతు వచ్చింది. నవంబరు 17న ఆ కంపెనీ తన మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ సేవలో ఎవరో ఉన్నట్టు కనిపెట్టింది. వాడు వచ్చింది సెప్టెంబరు 6న, అది కూడా ఎక్కడో చేజిక్కిన ఒక పాస్‌వర్డ్‌తో. 12 లక్షల దాకా కస్టమర్ల మెయిల్ ఐడీలు, వర్డ్‌ప్రెస్ పెట్టినప్పుడు ఇచ్చిన మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అప్పటికి నడుస్తున్న ఖాతాల ఎస్‌ఎఫ్‌టీపీ, డేటాబేస్ పాస్‌వర్డ్‌లూ పోయాయి. కొందరివైతే సైట్‌కు తాళం గుర్తు తెచ్చిపెట్టే ఎస్‌ఎస్‌ఎల్ రహస్య కీలు కూడా. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంటూ, రెండంచెల లాగిన్ లాంటి మామూలు జాగ్రత్తలు కూడా పాటించలేదని ఆరోపించింది.

ఆ ‘మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్’ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సైట్ పెట్టిన రోజు కంపెనీ మెయిల్‌లో పంపేది అదే. దాన్ని ఆ రోజే మార్చుకున్నవాళ్లకు ఆ ముక్క పోయినా ఏమీ కాలేదు. మార్చనివాళ్ల ఇంటి తలుపు బార్లా తెరిచినట్టయింది. హోస్టింగ్ కంపెనీ పంపిన స్వాగత మెయిల్ ఇప్పటికీ మీ ఇన్‌బాక్సులో ఉంటే, అందులోని పాస్‌వర్డ్ ఇప్పటికీ పనిచేస్తుంటే, ఈ వ్యాసం మిగతా భాగం రాత్రికి చదువుకోవచ్చు.

తొంభై రోజుల నోము

మరి ఎన్నాళ్లకోసారి మార్చాలి? మూడు నెలలకోసారి అని బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వ కార్యాలయాలవాళ్లు టక్కున చెబుతారు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చిహ్నం ఉండాలన్న నియమంతో పాటు ఈ ఆచారం ప్రపంచమంతా పాకడానికి 2000ల మొదట్లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన ఒక పత్రం చాలావరకు కారణం. దాన్ని రాసిన బిల్ బర్, రిటైరయ్యాక 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ తాను చేసినదాంట్లో చాలా భాగానికి విచారిస్తున్నానన్నాడు. తన దగ్గర అప్పట్లో సరైన సమాచారమే లేదని, 1980ల నాటి పత్రం ఒకటి చూసి రాశానని చెప్పాడు.

ఈలోగా నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క తీశారు. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చక తప్పని 7,700కు పైగా పాత ఖాతాలను తీసుకుని, పాతది తెలిస్తే కొత్తది ఊహించగలమా అని చూశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం పాతది తెలిస్తే 41 శాతం సందర్భాల్లో కొత్తది సగటున మూడు సెకన్లలోపే దొరికింది. 17 శాతం ఖాతాల్లో అయితే అయిదు ప్రయత్నాలు కూడా పట్టలేదు. ఎందుకో మనకు తెలియంది కాదు. ‘సంక్రాంతి@2024’ తర్వాత ఏమొస్తుందో చెప్పడానికి కంప్యూటర్ ఎందుకు, పంచాంగం చాలు. ‘శ్రీనివాస@1’ పెట్టిన ఉద్యోగి ఏడాది తిరిగేసరికి ‘శ్రీనివాస@5’లో ఉంటాడు.

నిస్ట్ 2017లో ఈ నోము మానేయమంది. 2025లో వచ్చిన కొత్త రూపంలో ఇంకా గట్టిగా, లీకైందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించకూడదని నిషేధమే పెట్టింది. పాస్‌వర్డ్ ఒక్కటే రక్షణగా ఉన్నచోట కనీసం 15 అక్షరాలు ఉండాలని, చిహ్నాల నియమాలు పెట్టకూడదని చెప్పింది. అయినా మన దగ్గర చాలా కార్యాలయాలు పాత పత్రాన్నే పట్టుకు వేలాడుతున్నాయి.

హోస్టింగ్ ఖాతాకైతే నా లెక్క ఇది. నెల మారినప్పుడు కాదు, మనిషి మారినప్పుడు మార్చాలి. డిజైనర్ పని ముగించిన రోజు, ఉద్యోగి మానేసిన రోజు, సంఘానికి కొత్త కార్యవర్గం వచ్చిన రోజు. ఆ పైన కంపెనీ నుంచి లీకు కబురు వచ్చినా, ఆఫీసు కంప్యూటర్‌లో వైరస్ దొరికినా అదే పూట. వీటిలో ఏదీ జరగకపోతే మంచి పాస్‌వర్డ్‌ను ఏళ్ల తరబడి కదపక్కర్లేదు.

దేవుడి పేరు, హీరో పేరు

మంచి పాస్‌వర్డ్ అంటే పొడుగ్గా ఉండి, ఇంకెక్కడా వాడనిది. దేవుడి పేరు, హీరో పేరు, పాప పుట్టినరోజు, బండి నంబరు ఎవరైనా ముందు ప్రయత్నించేవే. పాట పల్లవిని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలివైన పని అనుకుంటారు కొందరు. లీకైన కోట్ల పాస్‌వర్డ్‌ల జాబితాలు దొంగల దగ్గర ఉన్నాయి, అలా అనుకున్నవాళ్లు వాటిలో చాలామందే ఉన్నారు.

1995లో ఆర్నాల్డ్ రీన్‌హోల్డ్ చెప్పిన డైస్‌వేర్ పద్ధతి నాకు ఇష్టం, వైకుంఠపాళి పాచిక ఉంటే చాలు కాబట్టి. పాచిక అయిదుసార్లు వేస్తే వచ్చే అంకెల వరసకు 7,776 మాటల జాబితాలో ఒక మాట ఉంటుంది. అలా ఆరు మాటలు తీసి పక్కపక్కన పెడితే అయిపోయింది. మాటలు మామూలువే, గుర్తుంటాయి. కానీ సాధ్యమయ్యే వరసలు 2 పక్కన 23 సున్నాలు పెట్టినదానికంటే ఎక్కువ. మాటలు మనం ఎంచుకోకుండా పాచిక ఎంచుకోవడమే ఇందులోని బలం. మనసుకు తోచినవి తీస్తే మళ్లీ అమ్మ, అమ్మవారు, అమరావతి దగ్గరికే వస్తాం.

తెలుగు లిపిలోనే పాస్‌వర్డ్ పెడితే ఏ విదేశీ దొంగకూ దొరకదు కదా అన్న ఉత్సాహం కలగడం సహజం. హోస్టింగ్ దగ్గర మాత్రం వద్దు. తెలుగు ‘ఐ’త్వాన్ని కంప్యూటర్ ఒకే సంకేతంగానూ దాచగలదు, ఎత్వానికి కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ దాచగలదు. తెర మీద రెండూ ఒకలాగే ఉంటాయి. ఫోన్‌లో కొట్టింది ఒక రకం, ల్యాప్‌టాప్‌లో కొట్టింది మరో రకం అయితే సర్వర్‌కు అవి రెండు వేరే మాటలు. పైగా ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. పాస్‌వర్డ్‌ను సంకేతంగా మార్చడానికి ఎక్కువగా వాడే బీక్రిప్ట్ పద్ధతి 72 బైట్లకు మించి చూడదు. పాత ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్లు అసలు తెలుగునే గుర్తించవు. భాషాభిమానాన్ని సైట్ లోపలి పేజీల్లో చూపిద్దాం.

గుత్తి ఎక్కడ పెట్టాలి

ఇన్ని పొడుగాటి మాటలు బుర్రలో పట్టవు. బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్లు అందుకే ఉన్నాయి. ఒక్క పెద్ద పాస్‌వర్డ్ గుర్తుంచుకుంటే మిగతావి అవే పుట్టించి, దాచి, అడిగినచోట నింపుతాయి. వీటిలో ఇంకో మేలుంది. ‘మీ మెయిల్ పెట్టె నిండిపోయింది, ఇక్కడ లాగిన్ అవండి’ అంటూ సీప్యానెల్ పేరుతో దొంగ మెయిళ్లు విరివిగా వస్తుంటాయి. పేజీ అచ్చం ఒకేలా ఉండి మన కన్ను మోసపోయినా, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటే మేనేజర్ పాస్‌వర్డ్ నింపదు. నింపలేదంటే అనుమానించాలి. అవీ దుర్భేద్యమేమీ కాదు. 2022లో లాస్ట్‌పాస్ నుంచి కస్టమర్ల పెట్టెల నకళ్లే దొంగలు ఎత్తుకెళ్లారు. సంకేతంలో ఉన్నవే అయినా, ప్రధాన పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవాళ్లకు దిగులే మిగిలింది.

ఇవేవీ పడనివాళ్లు నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టుకుంటే తప్పేమీ లేదు. రష్యాలో కూర్చున్న దొంగ నరసరావుపేట బీరువా తెరవలేడు. వాట్సాప్ గ్రూపులో పెట్టడం, దాన్ని పిన్ చేయడం మాత్రం మానాలి. గ్రూపులోంచి వెళ్లిపోయినవాళ్ల ఫోన్‌లో కూడా అది ఉంటుంది.

అసలు పాస్‌వర్డ్ పంచుకోవాల్సిన అవసరం మనం అనుకున్నంత లేదు. వర్డ్‌ప్రెస్‌లో ఎవరికి వారికి వేరే లాగిన్ ఇవ్వొచ్చు. వ్యాసాలు ఎక్కించేవాడికి అడ్మిన్ హోదా అక్కర్లేదు, ఎడిటర్ చాలు. డిజైనర్‌కు ఒక్క ఫోల్డరుకే పరిమితమైన ఎఫ్‌టీపీ ఖాతా తెరిచి, పని కాగానే తీసేయొచ్చు. చాలా రిజిస్ట్రార్లు కూడా యజమాని పాస్‌వర్డ్ చెప్పకుండా మరొకరికి పరిమితంగా ప్రవేశం ఇచ్చే సదుపాయం పెట్టాయి.

విదేశాల్లోని తెలుగు సంఘాలకు ఇది మరీ పనికొస్తుంది. కార్యవర్గం గడువు తీరగానే బ్యాంకు సంతకాలు మారుస్తారు, వేదిక మీద పుష్పగుచ్ఛాలు మారుతాయి, సైట్ అడ్మిన్ మాత్రం మూడు కార్యవర్గాల కిందటి వెబ్ కమిటీ సభ్యుడి పేరునే ఉంటుంది. ఓటీపీ అతని ఫోన్‌కే వెళ్తుంది. రెండంచెల లాగిన్ పెట్టమని అందరూ చెబుతారు కానీ, రెండో అంచె ఎవరి జేబులో ఉండాలో చెప్పరు. ఎస్‌ఎంఎస్ ఓటీపీ మంచి ఎంపిక కాదు. ఇండియా సిమ్‌తో తీసిన ఖాతా అయితే, అమెరికా వెళ్లి రోమింగ్ ఆపేయగానే ఓటీపీలు రావు. సిమ్ రద్దయి ఆ నంబరు మరొకరికి వెళ్లినా వెళ్లొచ్చు. ఆథెంటికేటర్ యాప్‌కు సిగ్నలే అక్కర్లేదు. మొదట స్కాన్ చేసిన రహస్య సంఖ్యను, గడియారాన్ని కలిపి 30 సెకన్లకోసారి కొత్త అంకెలు తానే లెక్కగడుతుంది. దాన్ని ఇద్దరి ఫోన్లలో స్కాన్ చేసి, అప్పుడే ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను అచ్చు తీసి సంఘం పత్రాల ఫైలులో పెడితే కార్యదర్శి ఫోన్ పోయినా సైట్ పోదు.

అబ్బాయి దొరక్కపోతే

తాళాలు ఇప్పటికే చేజారి ఉంటే ముందు డొమైన్ సంగతి చూడాలి. ఫైళ్లు పోతే మళ్లీ చేసుకోవచ్చు, పేరు పోతే తిరిగి రావడం కష్టం. రిజిస్ట్రార్ లెక్కలో డొమైన్ ఎవరి పేరున నమోదై ఉంటే వారే కంపెనీ దృష్టిలో యజమాని. సంస్థ పేరున ఉంటే బిల్లు, జీఎస్‌టీ నంబరు, రిజిస్ట్రేషన్ పత్రం చూపి ఖాతా తిరిగి అడగొచ్చు. అబ్బాయి పేరునే ఉంటే అతన్ని బతిమాలుకోవడం మేలు. గడువు దాటిన డాట్ కామ్ లాంటి పేర్లకు, రిజిస్ట్రార్ ఇచ్చే వెసులుబాటు రోజులు కూడా అయిపోయి పేరు తొలగించాక, 30 రోజుల విమోచన గడువు ఉంటుంది. అప్పుడు తెచ్చుకోవడానికి మామూలు రుసుముకు ఎన్నో రెట్లు కట్టాలి. తర్వాత అయిదు రోజులకు పేరు మార్కెట్లో పడుతుంది. కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాములు క్షణాల్లో ఎగరేసుకుపోతాయి.

అతనితో మాట్లాడబోయే ముందు పాత బాకీ ఏమైనా ఉందేమో చూసి అది తీర్చేయండి. చాలాచోట్ల పాస్‌వర్డ్ రాకపోవడానికి అసలు కారణం అదే.

మార్చే రోజు

దొంగతనం జరిగిందన్న అనుమానంతో మారుస్తున్నా, మనిషి మారాడని మారుస్తున్నా వరస ముఖ్యం. ముందు మీరు కూర్చున్న కంప్యూటర్ శుభ్రంగా ఉండాలి. 2009లో గంబ్లార్ అనే దాడి వేల సైట్లను చుట్టుముట్టింది. సైట్ యజమానుల సొంత కంప్యూటర్లలో చేరి, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌లు పట్టుకుని, వాటితో సైట్లలోకి వెళ్లేది. అలాంటి యంత్రం మీద పాస్‌వర్డ్ మార్చడమంటే కొత్తది దొంగ చేతికి ఇవ్వడమే. ఎఫ్‌టీపీ కోసం ఎంతోమంది వాడే ఫైల్‌జిల్లా కూడా 2017లో మాస్టర్ పాస్‌వర్డ్ సదుపాయం వచ్చేదాకా గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లను రక్షణ లేని ఫైలులోనే ఉంచేది. ఇప్పటికీ ఆ సదుపాయం మనమే ఆన్ చేయాలి.

తర్వాత పైనుంచి కిందికి రావాలి. రీసెట్ లింకులు వచ్చే మెయిల్ ఖాతా, రిజిస్ట్రార్, హోస్టింగ్ బిల్లింగ్, సీప్యానెల్. కింది నుంచి మొదలుపెడితే పై తాళం ఉన్నవాడు మీ వెనకే మార్చుకుంటూ వస్తాడు.

డేటాబేస్ దగ్గరకు వచ్చేసరికి చాలామంది బెదిరిపోతారు, కారణం ఉంది. సీప్యానెల్‌లో డేటాబేస్ యూజర్ పాస్‌వర్డ్ మార్చిన మరుక్షణం సైట్ మాయమై, డేటాబేస్‌తో సంబంధం కుదరలేదని తెల్ల పేజీ మీద ఒక్క ఇంగ్లిష్ వాక్యం వస్తుంది. సైట్ పాడవలేదు. వర్డ్‌ప్రెస్ ఇంకా పాత మాటతోనే తలుపు కొడుతోంది. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే ఫైలులో పాత పాస్‌వర్డ్ ఉన్నచోట కొత్తది పెట్టి భద్రపరిస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ ఫైలు ముందే తెరిచి ఉంచుకుని, రద్దీ లేని వేళ చేస్తే నిమిషం పని. పాస్‌వర్డ్‌లో ఒంటి కొటేషన్ గుర్తు, వెనక్కి వాలిన గీత లేకుండా చూసుకోండి. అవి ఆ ఫైలు వాక్యాన్నే విరగ్గొడతాయి. ఫైలు తెరిచే ఉంది కాబట్టి అందులోని ‘సాల్ట్’ వరసలు కూడా కొత్తవి పెట్టేయండి. ఎక్కడెక్కడ ఎవరు లాగిన్ అయి ఉన్నారో వాళ్లందరూ ఒక్కసారిగా బయటకు వచ్చేస్తారు.

మెయిల్ పెట్టెలు చివర మార్చండి, ముందే ఆఫీసంతా చాటింపు వేసి. లేకపోతే జరిగేది ఇది. అకౌంటెంట్ ఫోన్‌లో, మేనేజరు ఔట్‌లుక్‌లో పాత పాస్‌వర్డ్ ఉండిపోతుంది. అవి నిమిషానికోసారి సర్వర్‌ను అడుగుతూనే ఉంటాయి. ఇన్నిసార్లు తప్పు చెబుతున్నది దొంగేనని సర్వర్ తీర్మానించి ఆఫీసు ఐపీ అడ్రస్‌నే అడ్డుకుంటుంది. వైఫైలో ఉన్న అందరికీ సైట్ పడిపోయినట్టు కనిపిస్తుంది, హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి తిడతారు, అవతలివాళ్లు అంతా బాగానే ఉందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మొబైల్ డేటాతో తెరిచి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

పాస్‌వర్డ్ మార్చినా మారనివి కొన్ని ఉంటాయి. సర్వర్‌లోకి నేరుగా వెళ్లడానికి ఎవరైనా పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీ అలాగే పనిచేస్తుంది. సీప్యానెల్‌లోని ఏపీఐ టోకెన్లు, 2020 చివర్లో వర్డ్‌ప్రెస్‌లో వచ్చిన ‘అప్లికేషన్ పాస్‌వర్డ్’లు కూడా అంతే. వాటిని విడిగా చూసి రద్దు చేయాలి. మెయిల్ ఫార్వర్డర్ల జాబితా తెరిచి, మీ ఉత్తరాల నకలు తెలియని చిరునామాకు వెళ్తోందేమో చూడాలి. వర్డ్‌ప్రెస్ యూజర్లలో మీరెరగని అడ్మిన్ ఉన్నాడేమో చూడాలి. అప్‌లోడ్స్ ఫోల్డరులో ఫొటోల మధ్య పీహెచ్‌పీ ఫైలు కనిపిస్తే అది దొంగ వదిలివెళ్లిన దొడ్డిదారి అయ్యే అవకాశమే ఎక్కువ, దానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

ఇదంతా అయ్యాక రెండు మూడు రోజులు ఆగి మళ్లీ సీప్యానెల్‌లోకి వెళ్లండి. పక్కన ఉండే చిన్న పట్టికలో చివరిసారి లాగిన్ అయిన ఐపీ అడ్రస్ ఉంటుంది. అది మీదైతే సరే. కాకపోతే మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలు, ఈసారి వేరే కంప్యూటర్ మీద.